పద్దెనిమిదో గుంట

గుండ్లపోచంపల్లిలో ఒక కొత్త కాలనీ ఇల్లు. సాయంకాలం నాలుగు దాటింది. హాల్లో టీవీ ముందు జోగారావు, చేతిలో ఫోనుతో ఆయన కోడలు పద్మలత గుంటల్లో బంతి వేసే గోల్ఫ్ వీడియోగేమ్ ఆడుతున్నారు. జోగారావు భార్య హైమవతి వంటింట్లో ఉంది.

"ఇంకెంతసేపు చూస్తరు మామయ్యా? గా గడ్డి మీద మొలకలొచ్చేటట్టున్నయి."

"ఉండమ్మా పద్మా. తొందరపెడితే నేను ఆడలేను."

"తొందరేం లేదు. గడియారం తీసేసిన్రు గదా, గందుకే గింత నిమ్మలం. బయటోళ్ళతోని ఆన్‌లైన్ల ఆడితే ఈపాటికి టైమైపోయి బంతి దానంతటదే పోతుండె."

"బయటివాళ్ళతో ఆడితే పోయేది ఒక ఆట. ఇప్పుడు పోయేది మా అమ్మ పేరు."

"నా బిడ్డ పేరు గూడ."

"అదే కదా నేననేది. ఇద్దరిలో ఒకరిది పోయే పని కాబట్టి చూసుకుని కొడదాం. ఇదిగో, చీమలు చూడు. ఇక్కడ మెల్లిగా పాకుతున్నాయి. గుంట దగ్గరికి వచ్చేసరికి ఎలా పరుగెడుతున్నాయో చూడు. అంటే ఏమిటి?"

"నాకు పాఠం చెప్పకుండ్రి. చీమలు ఎటు ఉరికితే అటు పల్లం. ఎంత జోరుగ ఉరికితే అంత వాలు. గళ్ళ మీద పాకే గా తెల్లచుక్కలకు చీమలని పేరు పెట్టిందే నేను."

"నువ్వే పెట్టావు. కాదన్నానా?"

"డాక్టరమ్మ మంచం దిగొద్దన్నప్పుడు మేడ్చల్ల మా అమ్మోళ్ళింట్ల పండుకోని, మీరు ఇక్కడ, నేను అక్కడ, దినాం ఆడితిమి గదా. గప్పుడు పెట్టిన."

"గుర్తుంది. అప్పుడు నువ్వు నన్ను పన్నెండాటలు వరసగా ఓడించావు."

"పదమూడు."

"ఒకటి కరెంటు పోయి ఆగిపోయింది. దాన్ని లెక్కెయ్యకూడదు."

"కరెంటు పోయినా నేనే ముంగట ఉంటి."

"ఏమండీ, ఎంతదాకా వచ్చింది?"

"వచ్చేశాం. పద్దెనిమిదో గుంట. ఇదే ఆఖరు. ఇద్దరం సమానం."

"సమానమేమిటి? నేను పాలు పొయ్యిమీద పెట్టినప్పుడు రెండు ముందున్నానన్నారుగా?"

"పదహారులో బంతి ఇసకలో పడింది, హైమా."

"చూసుకుని కొట్టాలి కదండీ."

"నువ్వొచ్చి కొట్టు అయితే."

"నాకే వస్తే మిమ్మల్నెందుకు కూర్చోబెడతాను? మీరు ఆడుతున్నది నా తరఫున. అది మర్చిపోకండి."

"అత్తమ్మా, గట్ల వంటింట్లకెళ్ళి అరుస్తే మామయ్య చెయ్యి వణుకుతాంది."

"వణకనీ. రేపు పదిన్నరకి పంతులుగారొస్తారు. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయమంటారు. మీరిద్దరూ అప్పటికీ ఆడుతూ కూర్చుంటే నేను బియ్యంలో ఏం రాయను? సున్నా చుడతాను."

"ఐదో నెల వస్తాంది అత్తమ్మా. ఇప్పటిదాక పాప, పాప. పక్కింటి వినోదక్క నిన్న అడిగింది, మీ ఇండ్ల పేర్లకు కరువొచ్చిందా అని."

"కరువు కాదు, రెండు ఎక్కువయ్యాయని చెప్పు."

"నేను మొదటి రోజే చెప్పాను కదా హైమా. రెండూ పెట్టేద్దామని. కాగితాల మీద కామేశ్వరి, ఇంట్లో పిలవడానికి తొలకరి. ఎంతమందికి లేవు రెండు పేర్లు? నాకు స్కూల్లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు."

"ఇంట్లో పేరేంది మామయ్యా?"

"అది ఇప్పుడెందుకమ్మా?"

"బుల్లిబాబు."

"హైమా."

"అడిగింది, చెప్పాను. ఇదిగో, మళ్ళీ చెబుతున్నా. కాగితాల మీద మీ ఇష్టం వచ్చింది రాసుకోండి, ఆఫ్రికా అని రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో పిలిచే పేరు కామేశ్వరి. నాకు పిలిచే పేరే కావాలి."

"నాక్కూడ పిలిచే పేరే కావాలె అత్తమ్మా. కాగితాలు ఏం జేసుకుంట?"

"అందుకేగా ఆడుకోమన్నాను. నా కొడుకుని అడిగితే తేల్చడు."

"మీ కొడుకు ఏమన్నడో తెలుసా? ఏ పేరైనా నాకు ఓకే అని తుర్కపల్లిల డ్యూటీకి క్యాబ్ ఎక్కి పోయిండు. ల్యాబుల ఎలుకలకు గూడ నంబర్లుంటయంట, మనకే ఇంత పరేషాన్ అంట."

"వాడు వాళ్ళ నాన్న పోలిక."

"నేనేం చేశానే మధ్యలో?"

"ఏమీ చెయ్యరు. అదే. కొట్టండి."

"కొడతాను. ఇదిగో. బంతి పల్లంలో ఉంది, గుంట మిట్టన ఉంది. ఎగువకి పోవాలి. చీమలు ఎడమకి దిగుతున్నాయి. కాబట్టి గుంటకి కుడిపక్క గడిన్నర వదిలి..."

"మామయ్యా, గా కుడిదిక్కు చీమలు అబద్ధం చెప్తున్నయి చూడుండ్రి."

"చీమలు అబద్ధం చెప్పవమ్మా. మనుషులు చెబుతారు."

"మీరు వాలు ఎంత బాగ చూస్తరో నాకు తెల్వదా? మన వెనక వాకిలి కడిగితే నీళ్ళెటు పోతయి?"

"ఇప్పుడు ఆ సంగతెందుకు?"

"అందరిండ్లల్ల మోరీలకు పోతయి. మన ఇంట్ల వంటింట్లకు వస్తయి."

"బాగా అడిగావు పద్మా. నేను గృహప్రవేశం రోజే చెప్పాను, వాటం తప్పిందండీ, నీళ్ళు నా కాళ్ళ కిందకి వస్తున్నాయండీ అని. లేదు, అంతా సమంగా ఉందన్నారు. అమెరికాలో గడ్డి ఎటు వాలిందో ఇక్కణ్ణుంచి చెప్పగలరు. గడప అవతల వాలు కనబడదు."

"ఇది అమెరికా కాదు. స్కాట్లాండు."

"ఎక్కడైతేనేం, మనం కడగక్కర్లేదుగా."

"ఇద్దరూ ఒక్కటై నా మనసు చెదరగొడుతున్నారు. హైమా, నువ్వు నా పక్షమా, ఆ అమ్మాయి పక్షమా?"

"మీ పక్షమే. కాని నిజం నిజమేగా."

"కొడుతున్నాను. మాట్లాడకండి."

"మాట్లాడతలేను."

"ఊపిరి కూడా గట్టిగా పీల్చకు."

"పిల్ల లేస్తది మామయ్యా, జల్దీ కొట్టుండ్రి."

"ఇదిగో. పోతోంది. ఎక్కుతోంది. తిరుగు, తిరుగు, తిరుగు తల్లీ..."

"ఆగు, ఆగు, ఆగు..."

"అబ్బా."

"ఏమైంది? పడిందా?"

"అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది, హైమా. మూరెడు."

"మూరెడా? గట్టిగా కొట్టలేకపోయారా? పప్పు తినలేదా మధ్యాహ్నం?"

"గట్టిగా కొడితే అవతలికి జారిపోతుంది. నీకు తెలీదు."

"నాకు తెలీదు సరే. ఇప్పుడేమిటి?"

"ఇప్పుడు పద్మ. ఈ దెబ్బకి గుంటలో వేస్తే ఆట తనది. తొలకరి."

"వెయ్యకపోతే?"

"తన బంతి దగ్గర్లో ఆగితే మళ్ళీ సమానమయ్యే వీలుంది. దూరం పోతే, నేను నా మూరెడు కొట్టేసి గెలుస్తాను. కామేశ్వరి."

"అయితే నేను స్టవ్ కట్టేసి వస్తున్నా. నేను వచ్చేదాకా కొట్టకు పద్మా."

"రండ్రి అత్తమ్మా. గీ కుర్చీల కూసోండ్రి. మామయ్యా, ఏందిది? పైన మూలకు కన్ను బొమ్మ వచ్చింది."

"ఎవరో ఆన్‌లైన్లో మన ఆట చూస్తున్నారు. పేరు నొక్కు. ఎవరు?"

"మీ కొడుకే. క్యాబుల కూసోని చూస్తాండు. 'ఇద్దరికీ ఆల్ ది బెస్ట్' అని పెట్టిండు."

"చూశావా, ఇద్దరికీ అట. వాళ్ళ నాన్న పోలికని ఊరికే అన్నానా?"

"పోనీలేవే. పాపం, వాడు షామీర్‌పేట దాటేలోపు సిగ్నల్ పోతుంది. ఆడమ్మా."

"నా ఫోన్ల చీమలు సన్నగ కనబడ్తున్నయి మామయ్యా. టీవీల చూస్త, జరుగుండ్రి. నా బంతి ఎక్కడున్నది?"

"పైనుంది. మిట్ట మీద. నీది దిగువకి పోయే బంతి. చాలా మెల్లిగా ముట్టుకోవాలి."

"గది కనబడ్తున్నది. బంతి కాడ చీమలు ఎడమకు పోతున్నయి. కాబట్టి కుడిదిక్కు గురి పెట్టాలె. అంతేనా?"

"కాదు."

"కాదా?"

"ఏమండీ, మీరెందుకు చెబుతున్నారు?"

"అడిగింది చెబుతున్నాను. రోజూ అడుగుతుంది, రోజూ చెబుతాను."

"ఇవాళ రోజూలాంటి రోజు కాదు కదండీ."

"అయితే? అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధం చెప్పమని నేనన్నానా? ఊరుకోమన్నాను. నోరు మూసుకోవడానికి కూడా చదువు కావాలా?"

"అడిగిన పిల్లకి చెప్పకుండా కూర్చోవడం నాకు చేతకాదు. పద్మా, చూడమ్మా. బంతి దగ్గర చీమలు ఎడమకి పోతున్నాయి, నిజమే. కాని ఎలా పోతున్నాయి? ఎండలో పడుకున్న గేదెల్లా. అదే గుంట దగ్గర చూడు, కుడికి మళ్ళి ఉరుకుతున్నాయి. బంతి గుంట చేరేసరికి వేగం తగ్గిపోతుంది. వేగం తగ్గినప్పుడే వాలు పట్టుకుంటుంది. కాబట్టి ఎడమకి రెండు గళ్ళు."

"ఎడమకా?"

"ఎడమకి రెండు. ముట్టీ ముట్టనట్టు తాకించు."

"మామయ్యా, నా మొఖం దిక్కు చూసి చెప్పుండ్రి."

"చూసే చెబుతున్నాను."

"ఎడమకు కొడితే కదా తప్పు పోయేది? కుడికి పెట్టాలెనని నాకు సాఫ్‌గ కనబడ్తాంది."

"నీకు కనబడేది దగ్గరి వాలు. దూరపుది చూడు."

"మీ ఇద్దరు ముందే మాట్లాడుకున్నరు గదా? అత్తమ్మ ఊకోమంటది, మీరు ఊకోనంటరు. మంచిగ ఉన్నది మీ నాటకం."

"నాటకమా? అబ్బే. మీ మావయ్యకి నాటకమాడటం కూడా వచ్చుంటే నేను ఇంకోలా బతికేదాన్ని."

"అది నిజం పద్మా."

"మీ అమ్మ పేరు మామయ్యా. మీకెట్ల మనసొస్తది నాకు సక్కటి దారి చెప్పనీకి? మీ జాగల నేనుంటే అబద్ధం చెప్తుంటి. బిడ్డ పేరు కోసం నూరు అబద్ధాలు చెప్త."

"నువ్వు చెప్పవు."

"చెప్త. మీకు తెల్వదు. నేను ఆల్రెడీ దొంగతనం జేసిన."

"ఏం దొంగతనం?"

"పొద్దున నూనె రుద్దుతున్నప్పుడు, తలుపు దగ్గరేసి, చెవుల చెప్పిన. తొలకరీ అని. దినాం చెప్తున్న. ఇప్పుడు గట్ల పిలిస్తే తల తిప్పి చూస్తాంది."

"ఐదో నెల పిల్ల ఏం పిలిచినా తల తిప్పుతుంది పద్మా. ప్రెషర్ కుక్కర్ కూసినా తిప్పుతుంది."

"కుక్కర్‌కు భయపడి తిప్పుతది అత్తమ్మా. నాకు నవ్వుకుంట తిప్పుతది."

"ఏమిటో అంత అపురూపం ఆ పేరు. వానాకాలంలో పుట్టినవాళ్ళందరికీ వాన పేర్లు పెడితే, మే నెలలో పుట్టినవాళ్ళకి వడగాలి అని పెడతారా?"

"మీకు తెల్వదు గా దినం సంగతి. నొప్పులు వస్తున్నయి. మేడ్చల్ హైవే మీద కారు ఆగింది. ముంగట లారీలు, వెనక లారీలు. మా బాపు దిగి లారీలోళ్ళ కాళ్ళు మొక్కుతాండు, జరుగుండ్రయ్యా అని. లోపట చెమట, ఉక్క. నేను చచ్చిపోత అనుకున్న. గప్పుడు పడ్డది వాన. మొదటి వాన. అద్దం దించి మొఖం బయట పెట్టిన. గా సల్లదనం... బండ్లు గూడ కదిలినయి. గిట్ల పోయినమో లేదో, అట్ల పుట్టింది. ఇంకేం పేరు పెడ్తరు చెప్పుండ్రి?"

"ఇది నాకు చెప్పలేదే అమ్మా."

"అడగలేదు గదా ఎవ్వరు. మీరు వచ్చేసరికి ఉయ్యాలల ఉండె."

"హైమా, విన్నావా?"

"విన్నాను. నేనూ మనిషినే. కాని ఆట ఒప్పుకున్నది తనే. ఆటలో ఎవరు గెలిస్తే వాళ్ళ పేరు అని చేతిలో చెయ్యి వేసింది."

"ఏసిన. కాదంటలేను. ఒక్కటి చెప్పుండ్రి అత్తమ్మా. పెద్దామె పేరు మామయ్యకు కావాల్నంటే అర్థముంటది, ఆయన తల్లి. మీకెందుకు గింత పట్టుదల?"

"ఆవిడ సంగతి నన్నడక్కు. ఆయన్నడుగు."

"నేను చెబుతాను పద్మా. నిజానికి ఈ పేరు నేననలేదు. మీ అత్తయ్యే అంది. పాప పుట్టిందని ఫోన్ రాగానే, ఇంకా వివరాలు కూడా వినకుండానే, 'కామేశ్వరి' అంది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళూ అత్తగారి పేరు నోటితో అనలేదు తను. 'మీ అమ్మగారు' అనేది. ఒకసారి తణుకులో గుడిలో అర్చన చేయిస్తూ పంతులుగారు పేర్లు చెప్పమంటే, అందరి పేర్లూ చెప్పి అమ్మ పేరు దగ్గర నా వైపు చూసింది. అంత నియమం. ఈ రోజుల్లో ఎవరికుంటుంది?"

"గంత ప్రేమనా అత్తమ్మా?"

"పాలు దించానో లేదో చూసి రావాలి."

"స్టవ్ కట్టేసి వస్తున్నంటిరి గదా అత్తమ్మా."

"అయితే కూర్చుంటాను. నువ్వు ఆడు."

"మా ఇంట్ల గిట్ల ఉండదు మామయ్యా. మా అమ్మ, ఆమె అత్త మా అవ్వ ముంగటనే నిలబడి 'ఓ దుర్గాబాయీ, నీ పెత్తనం ఇగ సాలు' అంటది. అవ్వ గూడ ఊకోదు. ఇద్దరు గాయి గాయి జేసి, మళ్ళ ఒక్క కంచంల తింటరు."

"అదృష్టవంతులు."

"ఏమన్నరు అత్తమ్మా?"

"ఏమీ లేదు. ఆడమన్నాను."

"ఇంకో సంగతి కూడా ఉంది పద్మా. పెద్దవాళ్ళ పేరు పెట్టుకున్న పిల్లని ఇంట్లో ఎవరూ కసరరు. నా మటుకు నేను అమ్మా అనే పిలుస్తాను. చూసుకో, ఎంత గారంగా పెరుగుతుందో."

"నాకు గారం ఒద్దు మామయ్యా. కసిరితే కసిరినట్టు, ముద్దు చేస్తే ముద్దు చేసినట్టు నోటినిండ పిలిచే పేరు కావాలె. సరే, మాటలెందుకు. ఆడుత."

"ఎడమకి రెండు గళ్ళు."

"విన్న."

"విన్నావు సరే, ఫోన్లో గురి కుడికి పోతోందేమిటి?"

"నా ఇష్టం."

"పద్మా, నా మాట విను. అవతల గడ్డి అయిపోగానే చెరువుంది. కుడికి వెళితే ఆగదు."

"ఏమండీ, ఇంకోసారి చెప్పారంటే రాత్రికి మీకు ఉప్మా."

"ఉప్మా అయితే ఉప్మా. పద్మా, ఎడమకమ్మా."

"అగో, అత్తమ్మ ఉప్మా అని బెదిరిస్తుంటే నవ్వుకుంట చెప్తున్నరు. ఉప్మా అంటే మీకు పానం. నాకు తెల్వదా? మొత్తం ప్లానే ఇది. నేను నా కండ్లతోని చూసిందే కొడ్త. కుడికి ఒక్క గడి. మెల్లగ... పో బిడ్డా."

"అయ్యో."

"పోతాంది. సక్కగ పోతాంది. చూసిన్రా? ఎడమకు తిరుగుతాంది. నేను చెప్పలే? ఇగ... ఇగ... అరె. అటెందుకు మళ్ళుతాంది? అరె, ఆగు. ఆగు. మామయ్యా, ఆగుతలేదు."

"ఆగదమ్మా."

"గుంట దాటింది. గడ్డి దాటింది. మామయ్యా..."

"ఏమైంది? నాకేమీ తెలియడం లేదు, ఎవరో ఒకరు చెప్పండి. ఎక్కడుంది బంతి?"

"షామీర్‌పేట చెరువుల ఉన్నది అత్తమ్మా."

"స్కాట్లాండన్నారుగా?"

"ఏ చెరువైతేంది, మునిగింది."

"అంటే?"

"అంటే, హైమా, తనకి ఒక దెబ్బ జరిమానా. తిరిగి ఎక్కడ కొట్టినా లాభం లేదు. నేను ఈ మూరెడు వేసేస్తే ఆట మనది."

"మామయ్యా."

"చెప్పమ్మా."

"మీరు నిజమే చెప్పిన్రా?"

"ఆటలో నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

"చెప్పలే. మంచం మీదున్నన్ని దినాలు ఒక్కసారి గూడ చెప్పలే. అదే అనుకుంటున్న. అన్ని దినాలు నమ్మి, ఇయ్యాల్నే ఎందుకు నమ్మకపోతి?"

"నాదే తప్పు. బతిమాలకుండా ఊరుకుంటే నువ్వే ఎడమకి కొట్టేదానివేమో."

"మీ అబ్బాయి మెసేజ్ పెట్టిండు. ఏడ్పు మొఖం ఒకటి, నవ్వు మొఖం ఒకటి. ఇద్దరికీ."

"వాణ్ణి రానీ, చెబుతాను."

"పద్మా, ఇలా చూడు. నా చెయ్యి ఈ మధ్య వణుకుతోందని డాక్టరు కూడా అన్నాడు. మూరెడు బంతే అయినా, వణికితే తప్పుతుంది. ఏమంటావు?"

"ఏమండీ?"

"ఊరికే అడుగుతున్నాను."

"ఒద్దు మామయ్యా. తప్పు కొడితే నేను ఊకోను. రేపు నా బిడ్డకు ఏం చెప్పాలె? నీ పేరు తాత దానం జేసిండని చెప్పాల్నా? ఓడినంటే ఓడిన. కొట్టుండ్రి."

"నిజంగానా?"

"నిజంగ. కాని సూటిగ కొట్టుండ్రి. చీమలు కొంచెం ఎడమకు పోతున్నయి. కుడి అంచు మీద గురి పెట్టుండ్రి."

"అవునా?"

"అవును. నేను గూడ ఆటల అబద్ధం చెప్ప."

"ఇందాక నూరు చెబుతానన్నావు."

"నోటిమాట. కొట్టుండ్రి, జల్దీ. లేకుంటే నాకు మళ్ళ ఏడుపొస్తది."

"కుడి అంచు. సరే. కొట్టాను."

"పడ్డది."

"పడిందా? నిజంగా పడిందా? ఆ చప్పుడు అదేనా?"

"అదే హైమా. గెలిచావు."

"గెలిచానా."

"గెలిచిన్రు అత్తమ్మా. కామేశ్వరే. రేపు బియ్యంల అదే రాయుండ్రి. నేను గుణుగను, మూతి ముడవను. మా బాపుకు గూడ ఫోన్ జేసి చెప్త, ఆయన అప్పుడే కేకు మీద రాయించిండేమో, చెరిపిస్త."

"ఏడుస్తున్నావా?"

"లేదు. కొంచెం. అయిపోయింది. ఒక్క మాట చెప్పాలె అత్తమ్మా. నేను ఇన్ని దినాలు మిమ్మల్ని మొండి అనుకున్న. మా అమ్మకు ఫోన్ల గూడ గట్లనే చెప్పిన. కాని చచ్చిపోయిన అత్త పేరు కోసం గింత కొట్లాడే కోడలిని నేనెక్కడ చూడలే. రేపు నేను మీ పేరు నా మనవరాలికి పెడ్తనో లేదో, నాకే తెల్వదు."

"పెట్టుకో, పెట్టకపో. అప్పుడు నేను చూడొచ్చానా?"

"చూశావా, పొగిడితే ఎలా మాట తిప్పేస్తుందో. నాకూ ఇవాళే తెలిసింది పద్మా. అమ్మకీ తనకీ అంతగా పొసగలేదనే అనుకునేవాణ్ణి. అమ్మది కొంచెం నోరు పెద్దది. అయినా ఈవిడ ఒక్కనాడు ఎదురు చెప్పలేదు. ఏం బాధ పడిందో అని లోపల పీకుతూ ఉండేది. ఇవాళ ఆ బరువు దిగిపోయింది. మనసులో ఏమీ పెట్టుకోలేదన్నమాట."

"పాప కదిలినట్టుంది."

"లేచింది. ఉండుండ్రి, నేను తెస్త."

"నువ్వు కూర్చో. నేను తెస్తాను. నేనే తేవాలి."

"పక్క తడిపి ఉంటది అత్తమ్మా, మీ చీర..."

"తడపనీ. కూర్చోమన్నానా."

"మామయ్యా, అత్తమ్మ మొఖం చూసిన్రా? పెండ్లిపిల్ల లెక్క పోతున్నది."

"పాపం, ఎన్నాళ్ళ కోరికో."

"ఇదిగో, తెచ్చాను. పక్కంతా తడిపింది, నన్నూ తడిపింది, పైగా నవ్వు. ఏమండీ, ఆట అయిపోయినట్టేగా? మళ్ళీ మార్పులేమీ లేవుగా?"

"లేవు."

"పద్మా, నీకు?"

"నాకేం లేదు అత్తమ్మా. మాటంటే మాట."

"అయితే ఇప్పుడు పిలవొచ్చా?"

"రేపు పంతులుగారు వచ్చి, మంత్రం చదివి..."

"పంతులుగారికి రేపు. నాకు ఇవాళ."

"పిలువనియ్యుండ్రి మామయ్యా. మొదటిసారి అత్తమ్మే పిలువాలె. గెలిచింది ఆమె గదా. పిలువుండ్రి అత్తమ్మా, ప్రేమగ."

"ఆ వీధివైపు కిటికీ తెరువమ్మా."

"దోమలు వస్తయి."

"రానీ. రెండు రెక్కలూ తెరువు. వాకిలి కూడా."

"ఎందుకే హైమా? ఎదురింటివాళ్ళు అరుగు మీదే కూర్చున్నారు."

"కూర్చోవాలి. అప్పుడూ కూర్చునేవాళ్ళు, వినడానికి. తెరిచావా పద్మా? సరే. ఒసేయ్ కామేశ్వరీ."

"హైమా, ఒసేయ్ ఏమిటి? అమ్మ పేరు..."

"మీరు కాస్త అవతలికి జరగండి. పెళ్ళయిన మర్నాటినుంచి ఆవిడ పోయేదాకా నన్ను ఏ గొంతుతో పిలిచేవారో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ఒసేయ్ కామేశ్వరీ, నిన్నే, పొద్దెక్కేదాకా పడుకుని, పక్కంతా పాడుచేసి, ఎవర్ని చూసుకునే నీకంత నవ్వు? పుట్టింట్లో ఇదేనా నేర్పింది? పిలుస్తుంటే పలకవేం?"